కాలువ గట్టు పసుపు తూనీగ

మా ఊరి మురుగు కాలువ పక్కన గడ్డిలో ఏడాది పొడుగునా కనిపించే ప్రాణి ఒకటుంది. వానలు పడుతున్నా, సంక్రాంతి మంచు కమ్మినా, కాలువలు కట్టేసి పొలాలు బీటలు వారిన మే నెలలో వెళ్ళినా అక్కడే ఉంటుంది. అంగుళంన్నర పొడవు. తోక మొదలు నుంచి చివరిదాకా ఒకటే రంగు, ఒక్క మచ్చ కూడా లేని నిమ్మపండు పసుపు. మోకాలి ఎత్తు దాటి పైకి ఎగరడం అరుదు. ఒక గడ్డిపోచ మీద నుంచి లేచి నాలుగడుగులు ఎగిరి ఇంకో గడ్డిపోచ మీద వాలిపోతుంది. గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళు, చేలకి నీళ్ళు పెట్టుకోవడానికి వచ్చేవాళ్ళు, సైకిళ్ళ మీద బడికెళ్ళే పిల్లలు రోజూ దాని పక్కనుంచే వెళ్తారు. ఆగి చూసేవాళ్ళు తక్కువ. ఈ పోస్టు దాని గురించే.

తూనీగ అనగానే మనందరికీ గుర్తొచ్చేది పెద్ద తూనీగ. వాన పడే ముందు ఆకాశంలో గుంపులుగా తిరిగేది, తీగ మీద వాలినా రెక్కలు చాచే ఉంచేది. నేను చెబుతున్నది దాని దగ్గరి బంధువైన సన్న తూనీగ. ఇంగ్లీషులో వీటిని డామ్సెల్‌ఫ్లై అంటారు. రెంటికీ తేడా పట్టుకోవడం చాలా తేలిక. సన్న తూనీగల్లో చాలావరకు వాలగానే రెక్కలు నాలుగూ వీపు మీద కలిపి మూసేస్తాయి. కళ్ళు తలకి రెండు వైపులా ఎడంగా ఉంటాయి, మధ్యలో ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. పెద్ద తూనీగలకి చాలావాటిలో కళ్ళు నడినెత్తిన కలిసిపోయి ఉంటాయి. రెక్కలు కూడా చూడండి. సన్న తూనీగకి ముందు రెక్కలు, వెనక రెక్కలు ఒకే ఆకారంలో, మొదట్లో సన్నగా ఉంటాయి. పెద్దవాటికి వెనక రెక్కలు మొదట్లో వెడల్పు. మన దేశంలో ఈ రెండు రకాలూ కలిపి దాదాపు 500 జాతులున్నాయి. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మా దగ్గర అన్నిటికంటే మామూలుగా కనిపించేది, ఈ పసుపు పచ్చదే.

దీని శాస్త్రీయ నామం సెరియాగ్రియాన్ కోరమాండెలియానమ్. ఇంగ్లీషులో కోరమాండల్ మార్ష్ డార్ట్ అంటారు. యోహాన్ క్రిస్టియన్ ఫాబ్రిసియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1798లో దీన్ని వర్ణించి, మన తూర్పు తీరం పేరే పెట్టాడు. ఆయన లినేయస్ దగ్గర చదువుకున్నవాడు. ఆ తర్వాత నూట ముప్పై ఏళ్ళకి పైగా గడిచాక, 1933 నుంచి 1936 మధ్యలో, ఫ్రేజర్ అనే ఆయన 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' వరుసలో మన దేశపు తూనీగల మీద మూడు సంపుటాలు రాశాడు. ఆ ఫ్రేజర్ వృత్తిరీత్యా సైన్యంలో వైద్యం చేసే డాక్టరు. పగలు ఆస్పత్రి పని చూసుకుంటూ తూనీగల మీద అంత పని చేశాడంటే ఆయన మీద నాకు గౌరవం. నేను తెనాలిలో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. రోజంతా రక్తం స్లైడులు, ప్లేట్‌లెట్ కౌంట్లు, డెంగీ కిట్లు. తూనీగల కోసం నాకు మిగిలేది తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరే ముందు కొంచెం సేపు, ఆదివారం పొద్దున పూర్తిగా.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేశారు. కృష్ణా పశ్చిమ డెల్టాలో లస్కరంటే ఏం పనో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటి ఊళ్ళవాళ్ళ కోసం చెబుతాను. కాలువ గట్టు మీద తన హద్దు మేర రోజూ నడవాలి. తూముల షట్టర్లు ఎత్తాలి, దించాలి. ఎక్కడ గండి పడేలా ఉందో, ఎవరు అడ్డుకట్ట వేసి నీళ్ళు మళ్ళించుకుంటున్నారో చూడాలి. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ ఆయన వెనకాల నడిచేదాన్ని. విజయవాడ దగ్గర కృష్ణకి 1855లో ఆనకట్ట కట్టాక ఈ కాలువలన్నీ పుట్టాయి. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇదంతా నాన్న నడుస్తూనే చెప్పేవారు. కాలువ వదిలిన రోజు బోదెల్లోకి నీళ్ళు ఎలా పాకుతాయో చూపించేవారు. నీళ్ళొచ్చిన వారానికే గట్టు గడ్డి పచ్చబడేది. గడ్డి లేచాక ఈ పసుపు తూనీగలు అంతటా కనిపించేవి. "నీళ్ళు నిలబడితే చాలదమ్మా, గడ్డి కూడా లేవాల. అప్పుడే ఇయ్యన్నీ వస్తయ్," అనేవారు నాన్న. ఆ మాటలో ఎంత నిజముందో నేను పెద్దయ్యాక, వాటిని దగ్గర్నుంచి చూడటం మొదలుపెట్టాక తెలిసింది.

గడ్డి ఎందుకు కావాలో చెప్పాలంటే గుడ్లు పెట్టడం గురించి చెప్పాలి. అది చూడటానికి మా ఊరి మంచినీళ్ళ చెరువు ఈశాన్యం మూల మంచి చోటు. అక్కడ కలువ ఆకులు కొన్ని, తుంగ, గట్టు వారగా తూటికాడ ఉంటాయి. ఎండ కాస్త ముదిరాక, పది గంటల ప్రాంతంలో, జంటలు వచ్చి వాలడం మొదలవుతుంది. మగదాని తోక చివర రెండు జతల చిన్న కొక్కేలుంటాయి. వాటితో ఆడదాని తల వెనక, మెడ భాగాన్ని పట్టుకుంటుంది. అలా పట్టుకునే ఇద్దరూ కలిసి ఎగురుతారు, కలిసి వాలతారు. ఆడదాని రంగు మగదానంత మెరవదు. గోధుమ రంగూ ఆకుపచ్చా కలిసిన మాసిన రంగు. విడిగా గడ్డిలో ఉంటే కంటికి ఆనదు, జంటలో ఉన్నప్పుడే దాన్ని బాగా చూడగలం.

ఆడది కలువ ఆకు అంచున వాలి తోకని ఆకు అడుగుకి వంచుతుంది. మనం తోక అంటున్నది నిజానికి దాని పొట్ట, పది కణుపులు ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది కణుపుల కింద గుడ్లు పెట్టే సాధనం ఉంటుంది, దానికి రంపపు పళ్ళ వంటి గరుకు అంచు. దాంతో ఆకు కండలో సన్నగా గాటు పెట్టి, ఆ గాటులోకి ఒక్కో గుడ్డు దూరుస్తుంది. గాటు, గుడ్డు, కొంచెం జరగడం, మళ్ళీ గాటు. ఆ సమయంలో మగది ఏం చేస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆడదాని మెడ మీద తోక చివర ఆనించి, జెండా కర్రలా నిటారుగా నిలబడిపోతుంది. కాళ్ళు ముడుచుకుని ఉంటాయి, దేన్నీ పట్టుకోవు. రెక్కలు మూసే ఉంటాయి. శరీరం బరువంతా ఆ కొక్కేల పట్టు మీదే. గాలి వీస్తే కొంచెం ఊగుతుంది, మళ్ళీ నిలదొక్కుకుంటుంది. ఇంకో మగది దగ్గరికొస్తే టపటపా రెక్కలు కొడుతుంది. అంతసేపు అలా ఎందుకు నిలబడాలి అనిపిస్తుంది కదా.

దానికి కారణం ఉంది. తూనీగల్లో మగదాని జననాంగం పొట్ట చివర ఉండదు, రెండో కణుపు అడుగున ఉంటుంది. అందువల్ల మగది ముందుగా తన తోక చివర్నుంచి వీర్యాన్ని ఆ రెండో కణుపు దగ్గరికి చేర్చుకుంటుంది. తర్వాత ఆడది తన తోకని ముందుకి వంచి అక్కడ తాకిస్తుంది. రెండు శరీరాలూ కలిసి హృదయం బొమ్మ ఆకారంలో కనిపించేది అప్పుడే. అమెరికాలో జొనాథన్ వాగే అనే శాస్త్రవేత్త 1979లో ఇంకో జాతి సన్న తూనీగ మీద పరిశోధించి, మగది ఆ అవయవంతో అంతకుముందు ఇంకో మగది వదిలిన వీర్యాన్ని బయటికి తోడేసి, ఆ తర్వాతే తనది వదులుతుందని నిరూపించాడు. జంతువుల సంతానోత్పత్తి మీద అప్పటికున్న ఆలోచననే మార్చిన పని అది. ఇప్పుడు మా చెరువులో మగదాని నిలువు కాపలాకి అర్థం తెలుస్తుంది. గుడ్లు పెట్టేదాకా ఆడదాన్ని వదిలితే ఇంకొకటి వచ్చి పట్టుకుంటుంది, దీని వంతు పోతుంది. అందుకే ఆఖరి గుడ్డు దాకా పట్టు వదలదు.

ఒకసారి గుడ్లు పెట్టిన కలువ ఆకు ముక్క ఒకటి కత్తిరించి ఇంటికి తెచ్చాను. మా ఇంట్లో ఒక పాత స్టూడెంట్ మైక్రోస్కోపు ఉంది, ల్యాబులో కొత్తవి వచ్చినప్పుడు నేను కొనుక్కున్నది. ఆకు అడుగున కంటికి కనిపించేవి వరసగా సన్నటి గోధుమ రంగు గీతలు మాత్రమే. సూదితో ఒక గీతని విప్పి స్లైడు మీద పెట్టి చూశాను. లోపల పొడుగాటి గుడ్డు, మిల్లీమీటరు పొడవు ఉంటుందేమో, ఒక కొస కొంచెం ముదురు రంగు. మిగతా ముక్కని చెరువు నీళ్ళలోనే ఒక తెల్లటి గిన్నెలో ఉంచి రోజూ ఒక గుడ్డు చూస్తూ వచ్చాను. కొన్ని రోజులకి గుడ్డు లోపల రెండు నల్లటి చుక్కలు కనిపించాయి. కళ్ళు. పొట్టులోంచి ఇంకా బయటికి రాని ప్రాణికి కళ్ళు ముందు తయారై మన వైపు చూస్తున్నాయి. రోజూ మైక్రోస్కోపులో చూసే మనిషిని నేను. అయినా అప్పుడు కుర్చీలోంచి లేవలేకపోయాను.

పిల్ల పుట్టాక దాని బతుకంతా నీళ్ళలోనే. సీతాకోకచిలుకకి ఉన్నట్టు ప్యూపా దశ దీనికి లేదు. గుడ్డు, నీటి పిల్ల, రెక్కల తూనీగ, అంతే. నీటి పిల్ల తోక చివర ఆకుల్లాగా మూడు పలకలుంటాయి. అవి మొప్పలు. ఈ మూడు పలకలే సన్న తూనీగ పిల్లకి గుర్తు, పెద్ద తూనీగ పిల్లకి అవి ఉండవు. ఎవరైనా పట్టుకుంటే ఒక పలకని వదిలేసి తప్పించుకుంటుంది, తర్వాత కుబుసం విడిచినప్పుడు అది మళ్ళీ మొలుస్తుంది. గిన్నెలో ఉన్నప్పుడు ఒకదానికి రెండే పలకలుండటం చూసి, పెద్దది ఏదో కొరికిందని అర్థమైంది. ఇవి ఒకదాన్నొకటి తింటాయి కూడా.

వేట మాత్రం చూసి తీరాలి. నీటి పిల్లకి కింది పెదవి పొడుగ్గా ఉండి తల అడుగున మడిచిపెట్టి ఉంటుంది. చివర రెండు గోళ్ళు. గిన్నెలో దోమ పిల్లని వదిలాను. మనవాళ్ళు వాటిని తోకపురుగులంటారు, తొట్టెల్లో తలకిందులుగా వేలాడుతుంటాయి. తూనీగ పిల్ల ముందు ఏమీ చెయ్యలేదు. కలువ కాడని పట్టుకుని అలాగే ఉంది, తల మాత్రం తోకపురుగు వైపు తిప్పింది. తోకపురుగు మెలికలు తిరుగుతూ దగ్గరికొచ్చింది. ఆ తర్వాత నాకు కనిపించింది తోకపురుగు దాని నోట్లో ఉండటమే. పెదవి చాచడం, పట్టడం, వెనక్కి లాగడం మన కన్ను పట్టుకోలేనంత వేగంగా జరిగిపోతుంది. ఫోనులో స్లో మోషన్ పెట్టి తీస్తే తప్ప ఆ చాచిన పెదవి కనిపించలేదు.

దోమల సంగతి వచ్చింది కాబట్టి ల్యాబు మనిషిగా ఒక మాట చెప్పాలి. తూనీగలుంటే డెంగీ రాదు అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. దాన్ని అలాగే నమ్మకండి. డెంగీని మోసే ఏడిస్ దోమ మన ఇంటి చుట్టూ ఉండే తొట్టెల్లో, కూలర్లలో, పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో గుడ్లు పెడుతుంది. పసుపు తూనీగ అక్కడికి గుడ్లు పెట్టడానికి రాదు, దానికి ఆకు కావాలి, కాడ కావాలి. కాబట్టి శుక్రవారం డ్రై డే పాటించి తొట్టెలు ఆరబెట్టుకోవడం మానకూడదు. చెరువుల్లో, మురుగు కాలువల్లో, వరి మడుల్లో పుట్టే దోమల సంగతి వేరు. ఆ నీళ్ళలో తూనీగ పిల్లలు పగలూ రాత్రీ తోకపురుగుల్ని తింటూనే ఉంటాయి. మనుషులు కావాలని వదిలితే తొట్టెల్లో కూడా పని చేస్తాయని బర్మాలో చేసి చూశారు. యాంగాన్‌లో ఇళ్ళ నీటి తొట్టెల్లో ఎర్ర తూనీగ పిల్లల్ని వదిలితే ఏడిస్ దోమలు బాగా తగ్గాయని 1990లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఎర్ర తూనీగ మన వరి చేలల్లో కూడా ఉంటుంది. ఆ పరిశోధన చదివిన రోజు నాకు భలే సంతోషమేసింది.

వరి చేను గురించి కూడా చెప్పాలి, మా ప్రాంతంలో అన్నీ వరి చుట్టూనే తిరుగుతాయి కాబట్టి. సార్వా పైరు దుబ్బు కట్టాక దుబ్బుల మధ్యలో ఈ సన్న తూనీగలు బాగా తిరుగుతాయి. పసుపుదే కాదు, దానికంటే బాగా చిన్నవి, అంగుళం కూడా లేనివి, అగ్రియోక్నెమిస్ ప్రజాతివి, ఇంకా ఎక్కువ. పెద్ద తూనీగలు చేను పైన ఎగురుతూ వేటాడితే ఇవి దుబ్బుల్లోకి దిగి ఆకుల మీద, కాడల మీద ఉన్న చిన్న పురుగుల్ని ఏరుకు తింటాయి. వరి రసం పీల్చే సుడిదోమ ఉండేది కూడా దుబ్బు మొదట్లోనే. వ్యవసాయ శాఖ వాళ్ళు పంచే కాగితాల్లో మిత్ర పురుగుల కింద సాలీళ్ళు, మిరిడ్ నల్లులతో పాటు తూనీగల బొమ్మ కూడా వేస్తారు. సుడిదోమకి ప్రతి రెండు మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తియ్యమంటారు, సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టొద్దంటారు. ఆ మందులు కొడితే సాలీళ్ళు, తూనీగలు ముందు పోతాయి, సుడిదోమ మళ్ళీ రెట్టింపై లేస్తుంది. ఇది రైతులకి తెలియని విషయం కాదు. కానీ పక్క చేలో సుడులు పడుతున్నాయని విన్నాక ఆ టెన్షన్‌లో ఎవరూ ఆగలేరు. కౌలు కట్టాల్సిన మనిషిని తప్పు పట్టడం నాకు చేతకాదు.

మా పొలం పక్క చేను చేసే బాబాయి నన్ను గట్టు మీద చూసినప్పుడల్లా పలకరిస్తారు. మొదట్లో, "ఏందమ్మాయ్, పొద్దున్నే ఆ గడ్డిలో ఏం ఎతుకుతున్నవ్? పాములుంటయ్," అని కేకేశారు. ఫోటో చూపించాను. ఫోనుకి క్లిప్పు పెట్టుకునే చిన్న మాక్రో లెన్సుతో తీసింది, నోట్లో సగం తిన్న పచ్చదోమ ఉంది, అదీ వరి రసం పీల్చే పురుగే. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. "ఇది పచ్చదోమే కదమ్మా," అన్నారు. అవును బాబాయ్, అన్నాను. ఆ సీజన్లో ఆయన మందు కొట్టే ముందు దుబ్బుల్లోకి దిగి ఏమేం ఉన్నాయో చూడటం మొదలుపెట్టారు. కొట్టాల్సినప్పుడు కొట్టారు, కానీ చూసి కొట్టారు. నాకు అది చాలా పెద్ద విషయం.

పసుపు తూనీగకీ శత్రువులున్నాయి. సాలెగూళ్ళలో చిక్కుకున్నవి రోజూ కనిపిస్తాయి. పెద్ద తూనీగలు పట్టుకుంటాయి. కప్పలు, పచ్చగా ఉండే చిన్న పాసెరిక పిట్టలు తింటాయి. దీని సొంత ప్రజాతిలోనే ఇంకొకటుంది, తోక మొదలూ చివరా ఇటుక ఎరుపు, మధ్యలో ముదురు రంగు. చాలా అందమైనది, చాలా దూకుడుది. తనంత ఉన్న సన్న తూనీగల్ని కూడా పట్టి తినేస్తుంది. మా చెరువు మూల నీడగా ఉన్న చోట అది ఉంటే పసుపువి ఎండ వైపుకి జరిగి ఉండటం గమనించాను. కొన్నిసార్లు పసుపుదాని ఛాతీ అడుగున ఎర్రటి గుండ్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి గుడ్లు కావు, నీటి నల్లులు. తూనీగ ఇంకా నీటి పిల్లగా ఉన్నప్పుడే దాన్ని అంటిపెట్టుకుని ఉండి, కుబుసం విడిచి బయటికొచ్చే సమయంలో రెక్కల తూనీగ మీదకి మారిపోతాయి. దాని రసం పీలుస్తూ బతుకుతాయి.

నీళ్ళలోంచి బయటికి రావడం చూడాలంటే తెల్లవారగానే వెళ్ళాలి. పెరిగిన పిల్ల తుంగ కాడ పట్టుకుని నీటి మట్టం మీదకి జానెడు ఎత్తు పాకుతుంది. వీపు మీద చర్మం చీలుతుంది. అందులోంచి ముందు ఛాతీ, తల, కాళ్ళు, ఆఖర్న తోక. అప్పుడు దానికి పసుపు రంగు ఉండదు, పాలిపోయి ఉంటుంది. రెక్కలు ముడతలు పడి, తడిగా, పాల రంగులో ఉంటాయి. అవి సాగి ఆరేదాకా ఎటూ కదలలేదు. చీమ వచ్చినా అంతే, పిట్ట వచ్చినా అంతే. ఆరాక మొదటిసారి ఎగిరేది తడబడుతూ, నీటికి దూరంగా, గట్టు అవతలి గడ్డిలోకి. అక్కడ కొన్ని రోజులు తిని బలపడి, రంగు తెచ్చుకుని, అప్పుడు మళ్ళీ నీటి దగ్గరికి వస్తుంది. అంటే దానికి నీళ్ళలో ఆకు కావాలి, నీటి వార కాడ కావాలి, గట్టు మీద గడ్డి కూడా కావాలి. మూడింటిలో ఏది లేకపోయినా దాని బతుకు ఎక్కడో ఒకచోట తెగుతుంది.

నాకు బాధ ఉన్నది ఇక్కడే. ఒక వేసవిలో మా ఊరి మురుగు కాలువ రెండు గట్లకీ గడ్డిమందు కొట్టించారు. పాములు ఎక్కువయ్యాయని, చూడటానికి బాగోలేదని. వారానికల్లా తుంగ, తూటికాడ, గరిక అన్నీ ఎండి గోధుమ రంగుకి తిరిగాయి. నీళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. దోమలూ అలాగే ఉన్నాయి, ఇంకా పెరిగాయని ఆ వీధివాళ్ళే అన్నారు. మురుగు నీళ్ళలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ దోమకి ఆకుతో పని లేదు, నీటి మీదే గుడ్లు తెప్పలా కట్టి వదులుతుంది. ఆకు అవసరమైన తూనీగలు మాత్రమే పోయాయి. వానలు పడి తుంగ మళ్ళీ లేచేదాకా ఆ మేర ఒక్క పసుపు తూనీగ కూడా నాకు కనిపించలేదు. అంత మామూలు ప్రాణి, ఏడాది పొడుగునా ఉండే ప్రాణి, గడ్డిమందుతో వారంలో మాయమవడం చూశాక నాకు నిద్ర పట్టలేదు. అరుదైన వాటి కోసం అందరూ మాట్లాడతారు. మామూలువి పోతే పోయాయని చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

అలాగని గుర్రపుడెక్క అలుముకుపోయిన చెరువుని అలాగే వదిలెయ్యమని నేను అనను. నీటి మొహమే కనిపించకుండా కప్పేస్తే కింద వెలుతురు ఉండదు, నీళ్ళు చెడిపోతాయి. దాన్ని తియ్యాల్సిందే. నేను చెప్పేది అంచు గురించి. నాలుగు వైపులా అంచు నున్నగా గీకేసి, రాయి పరిచి, సిమెంటు పూస్తే చెరువు శుభ్రంగా కనిపిస్తుంది, కానీ అక్కడ గుడ్డు పెట్టడానికి ఏమీ మిగలదు. చేపల గురించి కూడా ఒక మాట. దోమల కోసం గంబూషియా చేపల్ని వదులుతుంటారు. అవి తోకపురుగుల్ని తింటాయి, నిజమే. చిన్న తూనీగ పిల్లల్ని కూడా తింటాయి. గడ్డి ఉన్న అంచు ఉంటే పిల్లలకి దాక్కునే చోటు ఉంటుంది, లేకపోతే ఉండదు.

మా మంచినీళ్ళ చెరువు విషయంలో ఇది పెద్ద ప్రశ్నే అయింది. డెల్టాలో కాలువలు కట్టేసే ముందు తాగునీటి చెరువుల్ని నింపుకుంటాం. వేసవంతా బోదెలు, మడులు ఎండిపోయినా ఆ చెరువులో నీళ్ళుంటాయి. చుట్టుపక్కల తూనీగలకి, కప్పలకి, పిట్టలకి ఆ మూడు నెలలూ అదే దిక్కు. జూన్, జూలైలో మళ్ళీ కాలువ వదిలాక పొలాల్లోకి వెళ్ళే తూనీగల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ చెరువూ, మురుగు కాలువే. ఆ చెరువు చుట్టూ రాయి పరిచి రివిట్‌మెంట్ కట్టి వాకింగ్ ట్రాక్ వెయ్యాలని ఊళ్ళో అనుకున్నారు. ట్రాక్ మంచిదే, మా అమ్మ కూడా దాని మీద నడుస్తుంది. నేనూ, బాబాయీ, బడిలో సైన్సు చెప్పే మేడమూ కలిసి వెళ్ళి ఈశాన్యం మూల మాత్రం మట్టి అంచుగానే ఉంచమని అడిగాం. నీళ్ళు తోడే మోటారు ఆ మూలకి దూరం కాబట్టి ఇబ్బంది లేదని చూపించాం. మేడమ్ పిల్లల చేత గీయించిన తూనీగ బొమ్మలు తెచ్చారు. పెద్దగా వాదన జరగలేదు. ఒకాయన, "ఆ కాస్త మేర వదిలితే మన సొమ్మేం పోయింది," అన్నారు. వదిలారు.

చూడాలనుకునేవాళ్ళకి రెండు మూడు మాటలు. ఎండ ఎక్కక ముందు, ఏడూ ఎనిమిది మధ్యలో వెళ్తే గడ్డిలో కదలకుండా కూర్చుని ఉంటాయి, ఫోటోకి అదే మంచి సమయం. నిలబడి వెతికితే కనిపించవు, గట్టు మీద గొంతుక్కూర్చోండి. నీడ దాని మీద పడకుండా పక్కనుంచి జరగండి. పసుపుది కనిపించగానే దాని చుట్టూ మూరెడు మేర చూడండి, మాసిన రంగు ఆడది దగ్గర్లోనే ఉంటుంది. జంటల్ని చూడాలంటే పది దాటాక, కలువ గాని తుంగ గాని ఉన్న చోట. దారం కట్టి ఆడించొద్దని పిల్లలకి చెప్పండి. మా చిన్నప్పుడు అందరం చూసిన ఆటే అది, ఇప్పటి పిల్లలకి ఫోనులో స్లో మోషన్ చూపిస్తే దానికంటే ఎక్కువ సంబరపడుతున్నారు. ఫోటోలు తీస్తే, జీవుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ అనే సైటులో పెట్టండి, చోటూ తేదీ నమోదవుతాయి. డెల్టా పల్లెల నుంచి నాకు అక్కడ కనిపించేవి చాలా తక్కువ.

వచ్చే వేసవిలో చెరువు పూడిక తీస్తారట. మిషన్ దిగితే ఈశాన్యం మూల తుంగ కూడా పోతుంది. ఒకేసారి కాకుండా ఆ మూలని ఆ ఏడు వదిలి, తర్వాతి ఏడు తియ్యమని అడగాలని బాబాయీ నేనూ అనుకుంటున్నాం. మేడమ్‌కి కూడా చెప్పాను. కాలువలు కట్టేసే లోపే వెళ్ళి మాట్లాడతాం.